గెడల అవతలి నీరు

ఎండలు ముదిరి కొల్లేరు సన్నగిల్లే రోజుల్లో ముత్యాలరాజు ఉండే లంకవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. కాలవకి అడ్డంగా మట్టికట్ట వేసి, లోపల నిలిచిన నీళ్ళలో మత్తుకాయలు దంచి కలుపుతారు. చేపలు పైకి తేలతాయి, ఏరుకుంటారు. ఆ నీళ్ళు మనిషి తాగితే కడుపులో తిప్పుతుంది, కళ్ళు మసకలు కమ్ముతాయి. అందుకని కాయ కలిపిన చోటల్లా గెడలు పాతి, కొసన పచ్చి తాటాకు కడతారు. తాటాకు కనిపించిన చోట ఎవరూ కడవ ముంచరు, గొడ్డుని దింపరు. ఒకవేళ గెడ పాతకపోవడం వల్ల ఎవరైనా పడిపోతే, కాయ కలిపినవాడు ఆ మనిషి లేచేదాకా రోజూ మంచినీళ్ళ కడవ మోసుకెళ్ళి, ఆ ఇంటి గుమ్మం ముందు కూర్చోవాలి. అది కట్టుబాటు. తగవు చెప్పేది ముత్యాలరాజు. అతని తండ్రీ చెప్పాడు, తాతా చెప్పాడు. చెప్పిన మాట తిప్పుకున్న పెద్ద మళ్ళీ తగవులో కూర్చోకూడదు. అదీ కట్టుబాటే.

యాభైనాలుగో సంవత్సరం వేసవి మొదట్లో గెడలు సరిగ్గానే పాతారు. గాలి సంగతే మరిచిపోయారు. కొల్లేరు లోతులేని పళ్ళెం లాంటిది, గాలి ఎటు తోస్తే నీరు అటు ఒరుగుతుంది. మూడు రోజులు తెరిపి లేకుండా తూర్పుగాలి వీచింది. మట్టికట్ట తెగి, కాయ కలిపిన నీరు పడమటికి, మండవల్లి వైపు లంకకి చేరింది. అక్కడ గెడలు లేవు. సత్తెమ్మ అనే ఆమె రోజూలాగే రేవులో కడవ ముంచుకుని తాగింది. సాయంత్రానికి మంచాన పడింది. మర్నాటికి చూపు మసకేసింది.

ఆమె మొగుడు నరసింహరాజు దోనె వేసుకుని వచ్చాడు. కేకలు వేయలేదు. జరిగింది చెప్పి, మీ కట్టుబాటు మా గుమ్మానికి కూడా వస్తుందా అని అడిగాడు. పదిమందీ ముత్యాలరాజు మొహం చూశారు.

"గెడలు మా కట్టులో మనుషుల కోసం పాతాం నాయనా. మీది వేరే కట్టు. జిల్లా కూడా వేరే" అన్నాడు ముత్యాలరాజు.

"నీళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్పాలండీ" అని నరసింహరాజు గెడ అందుకుని దోనె తిప్పుకుపోయాడు.

ఆ పూట ముత్యాలరాజు పెళ్ళాం మంగమ్మ అతనికి అన్నం వడ్డించి, మంచినీళ్ళు మాత్రం పెట్టకుండా లేచిపోయింది.

అయిదో రోజున ముత్యాలరాజు వలనూలు కోసం గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం వెళ్ళాడు. నూలుకొట్టు లక్ష్మీనారాయణ అతనికి ఇరవై ఏళ్ళ ఎరిక. నూలుచుట్టలు దింపిస్తూనే, మీ వృత్తివాళ్ళ కబురొకటి పేపర్లో పడిందండీ రాజుగారూ అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపించాడు.

జపాను దేశపు చేపల పడవట. ఇరవైముగ్గురు మనుషులు. ఎక్కడో సముద్రం నడుమ వలలు వేసుకుని ఉన్నారు. తెల్లవారకముందే పడమటి దిక్కున పొద్దు పొడిచినట్టు వెలుగు వచ్చింది. తరవాత ఉరుము. కాసేపటికి ఆకాశంలోంచి తెల్లని బూడిద రాలడం మొదలైంది. సున్నప్పొడిలాగా వాళ్ళ తలల మీద, వలల మీద, చేపల మీద గంటల తరబడి రాలింది. అదేమిటో వాళ్ళకి తెలీదు. ఇంటికి చేరేలోగా ఒళ్ళు కమిలింది, జుట్టు ఊడింది. వేరే దేశపు దొరతనంవాళ్ళు ఒక దీవిలో పేల్చిన బాంబు బూడిద అదని ఒడ్డుకి వచ్చాక తెలిసింది.

ముత్యాలరాజు చేతిలో నూలుచుట్ట అలాగే ఉండిపోయింది. పడమట పొద్దు పొడవడం అతను కళ్ళ ముందు పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇటు రావద్దని గెడలు పాతలేదాండీ?" అన్నాడు.

"గీత గీసి చెప్పార్టండీ. ఈ పడవ గీతకి బయటే ఉందిట. బూడిదే గీత దాటి వచ్చింది."

లక్ష్మీనారాయణ గోడమీది ప్రపంచపటం దగ్గరకి తీసుకెళ్ళి ఆ సముద్రం చూపించాడు. ముత్యాలరాజు అరచెయ్యి ఆన్చాడు. రెండు చేతులూ ఆన్చినా ఆ నీలం ఇంకా మిగిలే ఉంది. కొల్లేరు ఎక్కడండీ అని అడిగాడు. ఇందులో లేదండీ, పట్టదు అన్నాడు లక్ష్మీనారాయణ. ముత్యాలరాజుకి పుట్టినప్పటినుంచీ ఒక అంచు నుంచి ఇంకో అంచు కనపడని నీరు, ఇందులో చుక్క కూడా కాదు. అయినా అంత నీటినీ దాటుకుని గాలి ఇరవైముగ్గురు మనుషుల్ని వెతుక్కుంది.

"వాళ్ళని ఎవరు చూడాలండీ?"

"అదే ఇప్పుడు తగవు. పేల్చినవాళ్ళకి వీళ్ళు సొంత జనం కాదు, అది సొంత నేలా కాదు. అయినా చూడవలసిన బాధ్యత ఉందా లేదా అని. తగవులు తీర్చే పెద్దలు కదా, మీరయితే ఏమంటారు?"

నవ్వుతూనే అడిగాడు లక్ష్మీనారాయణ. ఆ జవాబు ముత్యాలరాజు అయిదు రోజుల క్రితమే పదిమందిలో చెప్పేశాడు.

ఇంటికి వచ్చి మంగమ్మకి ఒక్క ముక్క చెప్పాడు, రేపటినుంచి తగవులో ఇంకెవరో కూర్చుంటారని. ఆమె లేచి కడవ తోమిపెట్టింది.

వేకువనే ఊటబావి నీళ్ళు దోనెలో పెట్టుకుని, నాలుగు గెడలు, పచ్చి తాటాకులు వేసుకుని పడమటికి బయలుదేరాడు. నడుమ దారిలో ఉన్నట్టుండి పడమటి దిక్కు తెల్లగా వెలిగింది. అతని చెయ్యి గెడమీద ఆగిపోయింది. వీపు వెనకనుంచి వచ్చిన తొలిపొద్దు, నీటిమీద నుంచి ఒక్కసారే లేచిన వేల గూడబాతుల తెల్లని రెక్కలకి తగిలింది. వేటకి వెళ్ళిన ప్రతి వేసవీ చూసిన దృశ్యమే. ఆవేళ మాత్రం అవి దూరమయ్యేదాకా దోనె కదపలేకపోయాడు.

నరసింహరాజు రేవులో అతన్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. సత్తెమ్మ మంచం మీంచే అడిగింది, వచ్చిందెవరని.

"నీళ్ళు తెచ్చానమ్మా. కాయ కలిపింది మా లంకవాళ్ళే, మాకు పట్టదన్నది నేను."

"మాది వేరే జిల్లా అన్నారంట కదండీ. తోవ ఎలా తెలిసింది?"

"గాలి వచ్చిన తోవనే వచ్చానమ్మా."

ఆమె ఆ పూట నీళ్ళు ముట్టలేదు. అతను గుమ్మం ముందు కూర్చుని, పొద్దువాలాక రేవులో గెడలు పాతి వెళ్ళిపోయాడు. మూడో రోజున ముట్టింది. తొమ్మిదో రోజున మంచం వాకిట్లో వేయించుకుని, కళ్ళు చికిలించి రేవు వైపు చాలాసేపు చూసింది.

"అక్కడ పచ్చగా ఊగేది తాటాకేనాండీ?"

ముత్యాలరాజు తలెత్తి, అవునమ్మా అన్నాడు. ఇంతకీ ఏం తోచి వచ్చారని ఆమె అడిగితే, పడమటి పొద్దు సంగతి, బూడిద సంగతి మొదటిసారి ఇంకో మనిషికి చెప్పాడు. సత్తెమ్మ గిన్నె పక్కన పెట్టి వింది.

"మరి వాళ్ళ గుమ్మాల ముందు ఎవరు కూర్చున్నారండీ?"

"తెలీదమ్మా" అన్నాడు. "పేపరు వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉంటాను."

కడవ వంచి ఆమె గిన్నె మళ్ళీ నింపాడు.