నామినీ గడి

కందిపప్పు చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన ప్రేమరాజు షర్టు గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, "సెక్రటరీ గారు ఊరందరికీ శుభ్రమైన పప్పు అమ్ముతారు, మనింట్లో మాత్రం పంటికింద రాయే" అన్నాడు. ఆడవాళ్ళమంతా కలిసి నడుపుకునే కొట్టుకి నేను సెక్రటరీని అయినప్పటి నుంచీ, ఐదేళ్ళుగా ఆయనకు ఇదొక సరదా. మామూలుగా అయితే నేనూ ఏదో ఒకటి అంటించేదాన్ని. ఇవాళ చేట ఒక్కసారి ఎగరేశానో లేదో, పప్పు లేచి పడిన ఆ చప్పుడుకి దాన్ని కింద పెట్టేశాను. నలభై రోజులుగా ఆ చప్పుడు నన్ను వదలడం లేదు. మా కొట్లో పగలు పదకొండు గంటలకు, బేరాలు తగ్గి మేము టీ తాగే వేళకు, వెనక గదిలోంచి వస్తుంది. మొదటిరోజు ఎవరో చెరుగుతున్నారనుకుని వెళ్ళి చూశాను. బస్తాలు తప్ప ఎవరూ లేరు. చేట గోడకి తగిలించినది తగిలించినట్టే ఉంది. రెండోరోజు నుంచి వెళ్ళడం మానేశాను. ఆ గదిలో చెరిగేది రామాయమ్మ ఒక్కతే. రామాయమ్మ పోయి నలభై రోజులైంది.

మధ్యాహ్నం మూడింటికి సంఘం మీటింగు. రామాయమ్మ స్థానంలో సభ్యత్వం ఎవరిదో ఇవాళ తేల్చాలి. తేల్చే కాగితం నా చేతిరాతలోనే ఉంది, అందులో ఉన్నది అబద్ధం. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

కొట్టు పెట్టింది తొంభై ఎనిమిదిలో. అంతకుముందు నర్సీపట్నంలో మేమంతా సరుకులు తెచ్చుకునే షావుకారు మంచివాడే, "అమ్మా" అనే పిలిచేవాడు. కానీ ఖాతా మాత్రం మగవాళ్ళ పేరు మీద ఉండేది. ఒకరోజు ఇంట్లో చుట్టాలున్నారని నూనె క్యాను పట్టుకుని వెళితే, పది మందిలో, "అయ్యగారిని పంపండమ్మా, ఖాతా ఆయనది గదా" అన్నాడు. ఇంటర్ చదివిన దాన్ని, పెళ్ళై పదకొండేళ్ళయిన దాన్ని, ఖాళీ క్యానుతో ఇంటికొచ్చాను. మా ఆయన నవ్వి, "దానికి ఏడుపెందుకు, సాయంత్రం నేను తెస్తాగా" అన్నాడు. ఆయన తెస్తాడు. నాకు కావలసింది అది కాదని ఆయనకు చెప్పడానికి అప్పట్లో మాటలు దొరకలేదు.

మా చర్చి ఆడవాళ్ళకు అత్తల నాటి నుంచీ ఒక అలవాటుంది. ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసుకుని, ఆదివారం చర్చికి తెచ్చి ఇస్తాం. ఆ పిడికెడు ఇంట్లో మగవాళ్ళ లెక్కలోకి రాదు. ఇంకో పిడికెడు తీసి మన కొట్టు పెట్టుకుందాం అన్నది నేనే. చర్చివాళ్ళం ఇరవై మందిమి మొదలుపెడితే, చుట్టుపక్కల రైతుల ఇళ్ళ ఆడవాళ్ళూ కలిశారు. ఏడాది తిరక్కుండా బియ్యం డ్రమ్ములు నిండాయి. అప్పుడు చేసిన తెలివితక్కువ పని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అందరి బియ్యం కలిపేసి డ్రమ్ముల్లో పోశాం. ఒకరివి సన్నాలు, ఒకరివి ముతకవి, ఒకరివి రేషన్‌వి, ఇంకొకరివి ఉప్పుడు బియ్యం. వండితే సగం జావ, సగం పలుకు. కొన్నవాళ్ళు తెచ్చి మొహాన కొట్టారు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. రోలుగుంట వైపు నుంచి కాపురానికొచ్చిన ఒకావిడ కొంగు బిగించి కూర్చుని, నాలుగు రోజులు జల్లెడ పట్టీ చెరిగీ వాటిని వేరు చేసింది. అలా వచ్చింది రామాయమ్మ. మాట తక్కువ. అడిగితే తప్ప ఇంటి సంగతి చెప్పదు. కూరలో ఉప్పు తగ్గితే మొగుడు కొండబాబు పళ్ళెం నేలమీద బోర్లించేసేవాడట. ఆ అన్నమే ఎత్తుకుని ఆమె తినాలట. ఇదీ ఎప్పుడో పప్పు చెరుగుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

కొట్టు రిజిస్టరు చేయించాలంటే నియమావళి కావాలన్నారు. ఒక చెరకు రైతుల సంఘానిది దొరికితే కూర్చుని కాపీ చేశాను. రైతు అన్న చోటల్లా సభ్యురాలు అని మార్చాను. సభ్యులు మరణిస్తే సభ్యత్వం నామినీకి వస్తుంది అన్న నిబంధన ఉన్నదున్నట్టు దించేశాను. దస్తూరీ బాగుంటుందని అరవై మూడు మంది దరఖాస్తులూ నేనే నింపాను. పేరు, భర్త పేరు, ఊరు, నామినీ. భర్త పేరు రాసిన చెయ్యి నామినీ గడి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ అదే పేరు రాసేది. విధవలైతే కొడుకు పేరు. ఎవరినీ అడగలేదు, ఎవరూ అడగలేదు. రామాయమ్మ మాత్రం బల్లమీదకి వంగి, ఆ గడిలో ఏం రాస్తారని అడిగింది. మీ తరవాత మీ వాటా ఎవరిదో రాస్తాం అన్నాను.

"అయితే మా మణి పేరు రాయండమ్మా. ఆయన పేరొద్దు."

మణికి అప్పుడు పదమూడేళ్ళు. వెనక ఇంకా ఇరవై మంది నిలబడి ఉన్నారు, ఇంటి దగ్గర మా అత్తగారికి మందులిచ్చే టైమవుతోంది. చిన్నపిల్ల, పైగా రేపు ఇంకో ఇంటికి పోయే ఆడపిల్ల, దాని పేరు రాస్తే ఎప్పటికైనా చిక్కే అనుకున్నాను. అవును, నేనే అనుకున్నాను. షావుకారు మాటకి కుళ్ళి కుళ్ళి ఏడ్చి కొట్టు పెట్టిన ఎస్తర్ రాణి అనుకున్న మాట అది. పైకి మాత్రం, "రాశానమ్మా, వెయ్యండి" అని స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాను. రాసింది కొండబాబు పేరు. ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వేసి, ఆ కాగితం కేసి చాలాసేపు చూసి, "బాగుంది" అంది.

తరవాత మారుద్దాం అనుకున్నాను. ఒకటి రెండుసార్లు బీరువా తీశాను కూడా. మర్చిపోయానని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది గానీ మర్చిపోలేదు. పొద్దున క్యారేజీలు, పదింటికి కొట్టు, ఏజెన్సీ కొండల నుంచి చింతపండు వస్తే తూకం, సాయంత్రం మళ్ళీ వంట, అత్తగారి కాళ్ళనొప్పులు. చేసిన తప్పుని రేపటికి తోసెయ్యడానికి ఆడదానికి పనులకేం తక్కువ? ఐదేళ్ళూ రామాయమ్మ ఆ వెనక గదిలో చెరుగుతూనే ఉంది. పదో తరగతి పాసయ్యాక మణి కూడా వచ్చి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. కూతుర్ని చూపించి, "నా తరవాత ఇదే" అనేది నాతో. నేను తల ఊపేదాన్ని.

మొన్న జూలైలో రామాయమ్మకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులే. దినాలయ్యాక మణి వచ్చింది. "ఆంటీ, అమ్మ నా పేరు రాయించింది గదా, నాను ఎప్పుడు రావాలి?" అని అడిగింది. కాగితం చూసి చెప్తానన్నాను. చూడ్డానికేముంది అందులో? మర్నాడే కొండబాబు, సభ్యత్వం తనదేనంటూ, తన చెల్లెలి మొగుణ్ణి వెంటపెట్టుకుని వచ్చాడు. ఆ బావమరిదికి బజార్లో హోల్‌సేల్ కొట్టుంది. మా వల్ల బేరాలు పడిపోయాయని ఎప్పటినుంచో గుర్రుగా ఉన్నాడు. కొండబాబు సభ్యుడైతే రేపు కమిటీలోకొస్తాడు, అతని వెనక ఇంకొకరు. మణికి అప్పటికే చెప్పేశాడట, కొట్టు గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతానని.

నిన్న అన్నం తింటూ మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన ముద్ద ఆపి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "ఆవిడ వేలిముద్ర ఉంది. సాక్షి సంతకం నీదే. నువ్వు నోరు విప్పితే, సదువురాని మనిషిని మోసం చేసిందంటారు. కేసవుతాది. అప్పుడు నా ఉజ్జోగం మాటేటి, పిల్లల మాటేటి? ఆవిడెలాగూ లేదు కదే." ఆయన చెడ్డవాడు కాదు. చెప్పినదాంట్లో తప్పు కూడా లేదు. ఆవిడెలాగూ లేదన్న మాట దగ్గర మాత్రం నేను పళ్ళెం పక్కకి జరిపేశాను. ఆవిడ లేకపోతే రోజూ పదకొండింటికి నాకు వినపడేది ఏమిటి? నాకు భయమేస్తోందని చెప్పాను. కొన్నాళ్ళు కొట్టుకెళ్ళడం మానెయ్యమన్నాడు.

మూడింటికి అందరం కొట్టు ముందు పాకలో చాపలమీద కూర్చున్నాం. కొండబాబు వచ్చాడు. మాలో తలుపులమ్మ అనే ఆమె గబుక్కున లేచి కుర్చీ తెచ్చి వేసింది. వెయ్యమని ఎవరూ చెప్పలేదు. అధ్యక్షురాలు జోగులమ్మ గారు చాపమీద, అతను కుర్చీమీద. ఒక్కొక్కరూ పైట సర్దుకున్నారు, కాళ్ళు ముడుచుకున్నారు. మణి లోపలికి రాకుండా రోడ్డు అంచున నిలబడింది. కొండబాబు మర్యాదగానే మాట్లాడాడు. "నాకేటీ ఎక్కువొద్దమ్మా. కాయితంలో ఏటుంటే అదే సదవండి."

చదివాను. నామినీ, కొండబాబు, భర్త. చదివి తలెత్తితే మణి కనపడింది. నా మీద కోపంగా చూస్తుందనుకున్నాను. ఆ పిల్ల అసలు నన్ను చూడటమే లేదు. నేలచూపులు చూస్తూ, పెదాలు బిగబట్టి, ఎవరిమీదో నమ్మకం పోయినదానిలా నిలబడింది. అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ళమ్మ తనకు అబద్ధం చెప్పిందనుకుంటోంది. ఐదేళ్ళూ నీ పేరు రాయించానని మురిపించి, ఆఖరికి మొగుడి పేరే రాయించిందనుకుంటోంది. నా అబద్ధం వెళ్ళి వెళ్ళి చచ్చిపోయినామె నెత్తిన కూర్చుంది.

"ఈ పేరు రామాయమ్మ చెప్పింది కాదు" అన్నాను. "ఆవిడ మణి పేరు రాయమంది, ఆయన పేరొద్దంది. నేను ఈయన పేరు రాసి, మణి పేరే రాశానని చెప్పి వేలిముద్ర వేయించాను."

కొండబాబు కుర్చీలోంచి లేచాడు. చచ్చిపోయిన మనిషి లేచొచ్చి సాక్ష్యం చెబుతుందా అన్నాడు, ఇది ఆడవాళ్ళంతా కలిసి ఆడుతున్న నాటకం అన్నాడు. మూలన గోడకి చేరబడి మా అత్తగారు సువర్ణమ్మ ఉంది. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి, మీటింగుల్లో కునికిపాట్లు పడుతుంటుంది. ఆవిడ కళ్ళు తెరిచి, "నా కాయితంలో ఎవులి పేరు రాసేవమ్మా?" అంది. మీ అబ్బాయి పేరు అన్నాను.

"నన్నడిగేవా?"

లేదన్నాను. తలుపులమ్మ తనది తియ్యమంది. తరవాత ఇంకొకామె. అరవై రెండు కాగితాలూ వరసగా చదివాను. భర్త, భర్త, కొడుకు, భర్త. ప్రతిదాని తరవాతా, అడగలేదు అని చెప్పాను. చివరికి గొంతు పోయింది. అడక్కుండా రాసినవి ఏవీ చెల్లవు, రామాయమ్మదీ చెల్లదు అని జోగులమ్మ గారు తేల్చారు. నామినీ లేకపోతే ఎవరిని చేర్చుకోవాలో సభ ఇష్టం అని అదే నియమావళిలో ఉంది. మణిని చేర్చుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమంటే కుర్చీ వేసిన తలుపులమ్మే అందరికన్నా ముందు ఎత్తింది. కొండబాబు కోర్టుకెక్కుతానని వెళ్ళిపోయాడు. ఎక్కుతాడేమో కూడా. సెక్రటరీ ముద్ర తీసి జోగులమ్మ గారి ముందు పెట్టాను. వద్దని ఎవరూ అనలేదు. నాకు బాధ కలిగింది, కానీ అనకపోవడమే న్యాయం.

మణి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మ బతికుండగా సెప్పుంటే, ఇంకో కాయితం రాయించుకునేది గదా ఆంటీ" అంది. అంతే అంది.

కొత్త కాగితాలు అప్పుడే రాయాలన్నారు. నా చేత రాయించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మణి రాసింది. ఒక్కొక్కరినీ అడిగి మరీ రాసింది. తలుపులమ్మ పది నిమిషాలు చీర కుచ్చెళ్ళు లెక్కపెట్టుకుని, ఆఖరికి ఎస్.రాయవరంలో ఉన్న చెల్లెలి పేరు చెప్పింది. ఒకావిడ ఎంతకీ ఎవరూ తట్టక ఏడ్చింది. మా అత్తగారు ఆసుపత్రిలో తనతోపాటు చేసిన ఒక ఆయా పేరు చెప్పింది. పదహారేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆఖర్న నేను వెళ్ళి మణి ముందు కూర్చున్నాను. నా పాత కాగితంలోనూ ప్రేమరాజు, భర్త అనే ఉంది. అప్పుడు నన్ను నేనైనా అడగలేదు. మణి నా పేరు రాసి, ఊరు రాసి, కలం ఆపింది. "ఎవరి పేరు రాయమంటారండీ?" అంది. నోరు తెరిచాను. ఏ పేరూ రాలేదు. సిగ్గేసి, ఏదో ఒకటి రాసెయ్యమ్మా, అందరూ ఇళ్ళకెళ్ళాలి అన్నాను.

మణి కలం కింద పెట్టేసింది.

"మీరు సెప్పేదాకా నాను రాయను" అంది.