మూడు వందల పేజీల ఉపన్యాసం

నేను ఒక పరీక్ష అట్టను. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ బజారులో. నెత్తిన ఇనుప క్లిప్పు ఉంది. అది కరిస్తే ఎవరి వేలైనా ఎర్రబడాల్సిందే, అందుకే నాకు కాస్త పొగరు.

నన్ను కొన్న సూరిబాబు రైల్వే పరీక్ష మూడుసార్లు తప్పి, తప్పంతా నాదేనని మంచం కిందికి గిరాటేశాడు. దుమ్ము దులిపి తీసింది అతని చెల్లెలు పైడిరత్నం. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన రైల్వే ఫిట్టరు. ఆ క్వార్టర్లో బల్ల లేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆరేళ్ళు నవల రాసింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో బెంగాలీ, మూడూ నా మీదే కుస్తీ పట్టేవి.

ఆ నవలని అచ్చులో చూసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది. విజయనగరంలోని ఒక సాహిత్య సంఘానికి ఉత్తరం రాసింది: "నేనొక ఉపన్యాసం రాశాను. అవకాశం ఇవ్వండి." హిందీలో, బెంగాలీలో నవలని ఉపన్యాసమనే అంటారు. తెలుగులోనూ అంతేననుకుంది పిచ్చితల్లి. జవాబు వచ్చింది: "ఆదివారం సభలో మీ ఉపన్యాసం. ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాల్లో మూడొందల పేజీలు ఎలాగవుతాది నాన్నా?"

"ఆల్లు పండితులమ్మా. మనలాగ కూడబలుక్కుంటారేటి?" అన్నాడు నాన్న.

ఆదివారం నాన్నతో విజయనగరం వెళ్ళి, నన్ను గుండెకి హత్తుకుని వేదిక ఎక్కింది. కాగితాల కట్ట చూసి ముందు వరసవాళ్ళు కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నారు. నేను క్లిప్పు గట్టిగా బిగించాను. ఆమె చదివింది: "మా నాన్న ఖరగ్‌పూర్‌లో రైలు దిగేసరికి ఆయనకు వచ్చిన హిందీ ముక్క ఒక్కటే, నహీ. టీ తాగుతావా అంటే నహీ. ఉద్యోగం కావాలా అంటే నహీ."

సభ పగలబడి నవ్వింది. చెప్పులు మళ్ళీ విడిచారు. సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి అధ్యక్షుడు గంట కొట్టాడు. మధ్య వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది.

"నీ గంట ఆపవయ్యా. ఇంతకీ ఆడికి ఉద్యోగం ఇచ్చీసినారా నేదా?"

వెనక కుర్చీలోంచి నాన్న లేచి చేతులు కట్టుకున్నాడు. "ఇచ్చీసినారమ్మా. ముప్పయ్యేళ్ళు చేసినాను."

హాలు దద్దరిల్లింది. "ఇది ఉపన్యాసం కాదమ్మా, నవల," అన్నాడు అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటూ.

"అవునండి, ఉపన్యాసమే," అంది ఆమె. ఆయన గంటను జేబులో వేసుకున్నాడు.

మరుసటేడు సంఘమే ఆ నవల అచ్చు వేసింది. పేరు 'ఉపన్యాసం'. గ్రంథాలయంవాళ్ళు దాన్ని ప్రసంగాల అరలో పెట్టారు. నాలుగు నవలల తర్వాత ఆమెకు బల్ల వచ్చింది, నేను గోడకెక్కి ఉత్తరాలు కరుచుకుంటున్నాను. నిన్న వచ్చిన ఆహ్వానం నా దగ్గరే ఉంది. ఈసారి నిజంగా ఉపన్యాసమే అడిగారు, ఇరవై నిమిషాలు. దాని అడుగున ఆమె చేతిరాత: "వస్తాను. గంట మాత్రం మా నాన్న చేతికివ్వండి."