ప్రతిపాదించేది హెల్కా

శనివారం ఆవిరి స్నానాల గదిలో కూర్చునే బల్లలు రుద్దుతుంటే వసారాలోంచి మా ఆయన యోకో మాటలు వినబడ్డాయి. చెల్లెలితో ఫోన్లో ఉన్నాడు. "నేనేం చెయ్యను ఇర్యా, హెల్కా పట్టుబట్టింది మరి." సరస్సు ఒడ్డున మామగారు కట్టిన ఇల్లు అమ్ముదామన్నది అతనే. వద్దన్నది నేను. మాట పడింది మాత్రం నేనే. "మా నాన్న ఇల్లే దొరికిందా వదినా నీ కళ్లకి?" అంది ఇర్యా మొన్న. పాతికేళ్లుగా ఇంతే. అత్తగారిని వృద్ధాశ్రమంలో చేర్చినప్పుడూ హెల్కాయే, చుట్టాల పెళ్లికి వెళ్లకపోయినా హెల్కాయే. అతనేమో పాపం మంచివాడు! నాకు ఒళ్లు మండిపోయింది, బ్రష్ ఇంకా గట్టిగా రుద్దాను.

ఆఫీసులోనూ ఇదే భాగోతం. మా ఊరి కమిటీ ఏది నిర్ణయించాలన్నా ముందు ఒక ఉద్యోగి దాన్ని తన పేరు మీద ప్రతిపాదించాలి, జవాబుదారీ కూడా తీసుకోవాలి. ఆ ఉద్యోగిని నేనే. క్రితం వారం అధ్యక్షుడు ఒలావి నా బల్ల మీదకి వంగి, "సరస్సు మధ్య దీవిలో ఉన్న పోలింగ్ కేంద్రం ఎత్తేద్దాం. పొదుపని రాసి పట్రా, మేం తలూపుతాం," అన్నాడు.

"ఏప్రిల్లో ఎన్నికలు. అప్పుడు సరస్సు మీద సగం కరిగిన మంచు మనిషినీ మొయ్యదు, పడవనీ పోనివ్వదు. వాళ్లెలా వస్తారు?"

"రాకపోతే మునిగిపోయిందేముంది? వాళ్లు మనకి ఎటూ వెయ్యరు," అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "వేసవిలో నీ ఉద్యోగం పొడిగింపు కూడా మా ముందుకే వస్తుంది కదా," అన్నాడు.

యోకోకి చెప్పాను. "సంతకం పెట్టి రా, నీ సొమ్మేం పోయింది? దేశాన్ని నువ్వు మోస్తున్నావా?" అన్నాడు. ఇంటిని మోస్తున్నది ఎవరో ఆ మనిషికి ఏనాడైనా తట్టిందా? ఇద్దరికీ కావలసింది నా పని కూడా కాదు, దాక్కోవడానికి నా పేరు. దీవిలో వాళ్ల ఓటు పోతుంది, ఊరంతా తిట్టేది నన్ను. ఆ రోజే నిశ్చయించుకున్నాను.

సోమవారం సమావేశంలో ఈసారి కాఫీ నేను పొయ్యలేదు. లేచి నిలబడి చెప్పాను: "దీవిలో పోలింగ్ కేంద్రం కొనసాగాలి. ఇది నా ప్రతిపాదన."

ఒలావి మొహం ఎర్రబడింది. "ఇదేంటి హెల్కా? మనం అనుకున్నదేంటి?"

"అనుకున్నది మీరు. తీసెయ్యాలంటే తీసెయ్యండి, ఆ అధికారం మీకుంది. కాకపోతే మీలో ఒకరు నోరు విప్పి అడగాలి, మిగతావాళ్లు చేతులెత్తాలి. ఎవరెత్తారో పేర్లతో సహా రాస్తాను. ఊరంతా చదువుకుంటుంది."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒలావి తన ముందున్న బన్ను ముక్కను తుంపుతూ కూర్చున్నాడు. నా పొడిగింపు సంగతి వేసవిలో చూసుకుంటాను.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. ఇర్యా. నువ్వే మాట్లాడమని యోకో చేత్తో సైగ చేశాడు. ఫోను తీసి అతని చేతిలోనే పెట్టాను.

"ఆ ఇల్లు అమ్ముదామన్నది ఎవరో మీ చెల్లెలికి నువ్వే చెప్పు. నేను ఇక్కడే నిలబడి వింటాను."