నమూనా జవాబులో ఆరో లైను

అరవై ఏడో పేపరు తిప్పేసరికి ట్యూటరు నోట్లో చేదు ఊరింది. నిన్నటి టీ గ్లాసు అడుగున చీమలు చచ్చి అంటుకుని ఉన్నాయి. బల్ల మీద చెయ్యి ఆనిస్తే జిగురు. ఏ పేపరు చూసినా అదే వాక్యం: "ఈ దూరాలన్నిటిలోకీ చిన్నదాన్ని తీసుకుందాం." నమూనా జవాబులోని ఆరో లైను, అక్షరం పొల్లుపోకుండా. ఒకరు కక్కింది మరొకరు తిన్నట్టుందని ఆవిడకి రోత పుట్టింది.

లెక్కల డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకి రియల్ అనాలిసిస్, అందులో రుజువులు రాయడం ఆవిడ పంతొమ్మిదేళ్లుగా నేర్పుతోంది. కారణం చెప్పకుండా ఒక్క అడుగు వేస్తే చాలు, మార్జిన్లో ఎర్రసిరాతో 'ఎందుకు?' అని గీకేస్తుంది. పిల్లలు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు విని పైకి చిరాకుపడ్డా లోలోపల మురిసిపోయేది. ఆరో లైను పక్కన మాత్రం ఆ ముక్క ఏనాడూ రాయలేదు.

ఎందుకంటే ఆ లైను తప్పు. దూరాలు అంతులేనన్ని ఉన్నప్పుడు వాటిలో అన్నిటికంటే చిన్నది ఉండి తీరాలని ఎక్కడా లేదు. కొలువులో చేరిన ఏడాదే ఈ సంగతి డిపార్టుమెంటు హెడ్డు చెవిన వేసింది. ఆ జవాబు రాసిన మహానుభావుడు ఆయనే. "ఇన్నాళ్లూ పాసైన వాళ్లందర్నీ వెనక్కి పిలుద్దామంటారా అమ్మా?" అని నవ్వేసి, ఆవిడ కొలువు ఏడాది పొడిగించే కాగితం మీద సంతకం గిలికాడు. ఆ కాగితం ఏటా ఆయన బల్ల మీదికే వెళుతుంది. ఆవిడా ఏటా నోరు కుట్టేసుకుంది. ఇవాళ పొద్దున కూడా గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే, సంతకం అయిందా అని మొగుడు అడిగాడు.

అరవై ఎనిమిదోది కొత్త పేపరు కాదు. వెనక బెంచీ అమ్మాయిది, పోయిన పరీక్షది, మళ్ళీ దిద్దమని అర్జీతో వచ్చింది. రెండు మార్కుల్లో తప్పింది. తప్పడం ఇది రెండోసారి కాబట్టి కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. మార్కులు మార్చి పంపే గడువు ఇవాళ సాయంత్రం దాకానే.

ఐదు లైన్లు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆరోది రాసి, పక్కన పెన్సిలుతో 'ఎందుకు?' అని ఆ అమ్మాయే వేసుకుంది. కింద ఇలా ఉంది: "ఒకటి, అర, మూడోవంతు, పావు... వీటిలో చిన్నది నాకు దొరకలేదు. అందుకని ఇక్కడ ఆగిపోతున్నాను." దాని పక్కన ఎర్రసిరాతో సున్నా. నమూనా జవాబు ముందు పెట్టుకుని పోయినసారి ట్యూటరే చుట్టిన సున్నా. ఆవిడకి తన చేతిని చూస్తేనే అసహ్యమేసింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, ఆ వాసన పడక మళ్ళీ మూసేసింది.

హెడ్డు గదిలో ఆయన బ్లేడుతో గోళ్లు తీసుకుంటున్నాడు. ముక్కలు నమూనా జవాబు మీదే రాలుతున్నాయి. ఆవిడ చెప్పిందంతా విని తల కూడా ఎత్తలేదు.

"సున్నా వేసింది మీరే కదమ్మా?"

"నేనే సార్. తప్పని తెలిసే వేశాను."

ఆయన కళ్లెదుటే ఆవిడ సున్నా కొట్టేసి, ఐదు వేసి, సంతకం పెట్టింది. హెడ్డు గోళ్లు దులుపుకుని, బల్ల మీదున్న పొడిగింపు కాగితాన్ని సొరుగులోకి తోసి తాళం వేశాడు. ఇంటికెళ్లి మొగుడికేం చెప్పాలో ఆవిడ మెట్లు దిగేటప్పుడు ఆలోచించనే లేదు. సాయంత్రం కాకముందే పరీక్షల విభాగానికి చేరాలి, అంతే.

అక్కడి ముసలి అటెండరు పేపరు మీద పేరు చూసి నిట్టూర్చాడు.

"ఈ పిల్లా? పొద్దున్నే వచ్చింది మేడం. మళ్ళీ దిద్దేదెవరని అడిగింది. మీరేనని చెప్పాను. అయితే ఇంకెందుకు ఆగడం, సర్టిఫికెట్లు ఇచ్చేయండి అని తీసుకుని వెళ్లిపోయింది."

ఫోను చేద్దామంటే నంబరున్న కాగితం కూడా ఆ కట్టలోనే పోయిందట. ఆవిడ చేసేదేం లేక బయటికి నడిచింది. కౌంటరు మీద ఆ పేపరు మిగిలిపోయింది, మార్జిన్లో పెన్సిలుతో రాసిన 'ఎందుకు?' పైకి కనబడుతూ.