బోణీ కాకముందు

పరుగెత్తే వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. షుగరు వచ్చింది, నడవమని డాక్టరు చెబితే నలభై ఆరేళ్ళ వయసులో ఖిల్లా చుట్టూ నడవడం మొదలుపెట్టాను. రోజూ ఒక గుంపు రంగురంగుల టీషర్టులు వేసుకుని నా పక్కనుంచి దూసుకుపోయేది. పోతూ పోతూ "గుడ్ మార్నింగ్ మేడం" అనేది. నాకేం గుడ్డో వాళ్ళకేం తెలుసు?

ఆ గుంపుకి పెద్ద దేవదాస్. రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు నా పక్కన ఆగి, "గిట్ల ఈడ్సుకుంట ఎన్ని దినాలు నడుస్తవమ్మా? గా కరెంటు స్తంభం దాక ఉరుకరాదు," అన్నాడు. ఈడ్చుకుంటూ అన్నందుకు మండిపోయి ఉరికాను. ఆ స్తంభం దాటి ఇంకో రెండు స్తంభాలు. ఆగేసరికి ఊపిరి అందలేదు, ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. మర్నాడు తిట్టడానికే వెళ్ళాను. అట్లా ఎనిమిది నెలలు గడిచాయి, పది కిలోమీటర్ల దాకా వచ్చాను.

ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, ఆ గుంపు నాకు నచ్చింది. ఇవాళ ఎన్ని కిలోమీటర్లు అని అడిగేవారు. ఎవరి కోడలివి, మీ ఆయన ఏం చేస్తాడు అని అడిగేవారు కాదు. పరుగులో దేవదాస్ తన భార్య పోయిన సంగతి నాకు చెప్పాడు. నా సంగతి నేను చెప్పలేదు. చెప్పనందుకు సిగ్గూ పడలేదు.

మట్టెవాడలో మా ఇల్లు పైన, కిరాణా హోల్‌సేల్ దుకాణం కింద. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. నెల తిరక్కుండానే మా తోడికోడలు లక్ష్మక్క నా పక్కన కూచుని మెల్లగా చెప్పింది. "దుకాణం తెరిచి బోణి అయ్యేదాక ముందటి వాకిట్లకు రాకు వాసంతీ. మీ బావకు పట్టింపు." మొదటి బేరం కాకముందు మొగుడు పోయినది ఎదురైతే ఆ రోజంతా పాడట. అప్పటినుంచి పొద్దున ఏ పనికైనా వెనక సందే నా దారి. పాలకు సందు, పరుగుకు సందు. మురుగు మోరీ వాసన, ఎలుకలు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అందుకే నాకు బావ మీదకంటే నా మీదే ఎక్కువ కోపం.

జనవరిలో ఒక ఆదివారం మా గుంపు పది కిలోమీటర్ల పరుగు పెట్టుకుంది. మాలో అనిల్ అని మందుల కంపెనీ మనిషి ఉన్నాడు, చందాలూ ఏర్పాట్లూ అన్నీ అతనే చూస్తాడు. "స్పాన్సర్ దొరికిండు. మట్టెవాడ పాండురంగం సేటు. టీషర్టులు, అరటిపండ్లు ఆయనే ఇస్తాండు. ఆయన దుకాణం ముంగట్నుంచే స్టార్టు," అన్నాడు. పాండురంగం మా బావ. ఆ సంగతి గుంపులో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం బావ పిలిచాడు. "మీ ఉరుకుడోళ్ళకు మనమే ఇస్తున్నం. ఆదివారం పూజ జేసి షటర్ లేపి మొదలువెడ్తం. నువ్వు సందులకెల్లి పోయి చౌరస్తా కాడ కలువు. ఉరుకుడు వద్దంటలేను గద."

సరేనన్నాను.

ఆదివారం ఆరింటికి పైనుంచి చూస్తే కింద ముప్పై మంది. శ్రీలత ఆడవాళ్ళకు బొట్టు పెడుతోంది. ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు, నాతోపాటే పరుగెత్తుతుంది. నేను షూ లేసులు కట్టుకుని మెట్లు దిగి వెనక తలుపు దాకా వెళ్ళాను. గొళ్ళెం మీద చెయ్యి వేశాక మోరీ వాసన గుప్పుమంది. నా ఇంటి ముందు మొదలయ్యే పరుగులో నేను చౌరస్తా దగ్గర దొంగలా కలవాలా? వెనక్కి తిరిగాను. పప్పు బస్తాల మధ్యనుంచి దుకాణంలోకి నడిచి, సగం లేపిన షటర్ కిందనుంచి ముందు వాకిట్లోకి వచ్చాను.

"అరే, మీరు ఇటునుంచి వస్తున్నారేంటి వాసంతి గారూ?" అంటూ శ్రీలత కుంకుమ పళ్ళెంతో వచ్చింది. ఆమె వేలు నా నుదుటి దాకా వచ్చింది.

"ఆగమ్మా," అన్నాడు బావ. గొంతు పెంచలేదు కూడా. "ఆమె మా తమ్ముని భార్య. వాడు పోయిండు."

శ్రీలత చెయ్యి ఆగిపోయింది. బావ మాట నాకు ఆరేళ్ళ పాతది. ఆ చెయ్యి ఆగడం కొత్త. అదే కోసింది. ఆమె వేలిని చున్నీకి తుడుచుకుని, "సారీ అండీ, నాకు తెలీదు," అంది. నాతో కాదు, బావతో.

"మేడం, జర ఒక్క నిమిషం పక్కకు జరగండి. కాయ కొట్టంగనే కలుద్దురు," అన్నాడు అనిల్.

కొబ్బరికాయ దేవదాస్ చేతిలో ఉంది. బావే స్వయంగా ఇచ్చాడు.

"బావా, దేవదాస్ అన్న భార్య పోయి తొమ్మిదేండ్లు. కాయ ఆయన చేతిల ఎట్ల పెట్టిన్రు?"

"మొగోళ్ళకు గా పట్టింపు లేదు," అన్నాడు బావ, బస్తా తూకం చెప్పినంత మామూలుగా. "అందరికి ఎరుకైన ముచ్చటే."

అందరికీ ఎరుకేనట. ముప్పై మందీ తమ షూస్ చూసుకున్నారు. రోజూ నాకు శభాష్ చెప్పినవాళ్ళలో ఒక్కరూ కాదనలేదు.

నేను పరుగు మొదలుపెట్టాను. కాయా లేదు, విజిలూ లేదు. బావ చొక్కా నా భుజానికి తగిలేంత దగ్గరగా దాటి వెళ్ళాను. వెనక ఒక్క అడుగు చప్పుడూ రాలేదు. చౌరస్తా దాకా ఒక్కొక్కరినీ పేరుపెట్టి తిట్టుకున్నాను. ఏడ్చాను కూడా. ఏడుస్తూ పరుగెత్తితే ఊపిరి చాలదని అప్పుడే తెలిసింది.

చౌరస్తా దాటాక బరువైన అడుగులు వినిపించాయి. దేవదాస్. కాయ ఇంకా చేతిలోనే ఉంది.

"కొట్టలేదా అన్నా?"

"ఎట్ల గొట్టాలె?" కాయను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "తొమ్మిదేండ్లల్ల ఒక్కడు గూడ నన్ను పక్కకు జరగమనలే. గది నాకు తెల్వనే తెల్వదు, సోయే లేదు చెల్లె."

నేను ఓదార్చలేదు. "ఇప్పుడొచ్చింది గద. ఉరుకు," అన్నాను.

మేమిద్దరమే ముందు పూర్తిచేశాం. మిగతావాళ్ళు ఇంకో కాయ తెప్పించి కొట్టి వచ్చారు. మా బావ దుకాణంలో కొబ్బరికాయలకు కొదవా?

సోమవారం ఆరింటికి ముందు వాకిట్లోకి వచ్చాను. బావ షటర్ ఎత్తుతున్నాడు. నన్ను చూసి సగంలో దించేసి, నేను పోయేదాకా లోపలే నిలబడ్డాడు. ఎదురుగా అరుగు మీద దేవదాస్ లేసులు కట్టుకుంటున్నాడు. మంగళవారం నాకంటే ముందే బోణీ చేసుకుందామని బావ పావు తక్కువ ఆరుకే తెరిచాడు. బుధవారం నేను అయిదున్నరకి వచ్చాను. గురువారం శ్రీలత అరుగు దగ్గర నిలబడి ఉంది. నాలుగు కిలోమీటర్లు ఆమెతో మాట్లాడలేదు. అయిదో దాంట్లో ఆమె షూ లేసు ఊడిందని చెప్పాను.

ఇప్పుడు మేం ఏడుగురం. మిగతావాళ్ళు రాలేదు, నేను పిలవనూ లేదు. బావ అయిదుకే తెరుస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం గల్లాపెట్టె ముందు కూచునే నిద్రపోయాడట. రాత్రి అన్నం దగ్గర లక్ష్మక్క మెల్లగా అడిగింది.

"రేపు ఎన్నింటికి పోతవో జెప్పరాదు వాసంతీ. ఆయనకు నిద్ర సాల్తలేదు."

"నాకే తెల్వదక్కా," అన్నాను.

తెలుసు. నాలుగున్నరకి.