రెండు భుజాలు, ఇద్దరు వైద్యులు

తూనికలు కొలతల శాఖలో అధికారిగా పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఏ విషయమైనా సరిపోల్చి చూడనిదే నమ్మే అలవాటు నాకు లేదు. రెండు భుజాలూ ఒకేసారి బిగుసుకుపోయి, చేతులు ఛాతీ దాటి పైకి లేవని స్థితి వచ్చినప్పుడు సైతం, దానిని ఆపదగా కాక అవకాశంగానే పరిగణించాను.

చిక్కల్లా జడతో వచ్చింది. మణికట్టు విరిగి సరిగా అతకని నా భార్యకు రోజూ జడ వేసే బాధ్యత నాది. ఆమెను ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, వెనుక నిలబడి అల్లుతాను. ఈ సంగతి బయటివారికి తెలియనవసరం లేదు. చేతులు మొరాయించిన నాటి నుంచి ఆ జడ మెడ దగ్గర మొదలై, అక్కడే నీరసించిపోయేది.

"ఆదివారం వచ్చి కత్తిరించేస్తాను నాన్నగారూ. అమ్మకీ హాయి, మీకూ హాయి," అన్నది మా అమ్మాయి.

"నాకు హాయి కావాలని ఎవరన్నారు?"

"ఆదివారానికి మీ చేతులు లేస్తే జడ ఉంటుంది. లేకపోతే కత్తెరే," అని నా భార్య తీర్పు చెప్పింది.

మా వీధిలో సూదుల వైద్యులు ఇద్దరున్నారు, ఎదురెదురుగా. మొదటాయనది పాత పద్ధతి. నాలుక చూస్తాడు, నాడి పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఒంట్లో శక్తి నడిచే దారులున్నాయనీ, దారి పూడితే నొప్పి పుడుతుందనీ ఆయన సిద్ధాంతం. రెండవ ఆమె గదిలో గోడ నిండా కండరాల పటం. వేలితో నొక్కి, ముడిపడిన కండరాన్ని పట్టుకుని, సరిగ్గా అక్కడే సూది దించి, దానికి తీగ తగిలించి సన్నగా కరెంటు పంపుతుంది.

"ఎదురుగా ఉన్నావిడకి మనిషికీ మిక్సీకీ తేడా తెలీదండీ," అన్నాడాయన.

"ఆయన నాలుక చూసి జాతకం కూడా చెప్తాడు, అడిగి చూడండి సార్," అన్నదామె.

కుడి భుజాన్ని ఆయనకూ, ఎడమ భుజాన్ని ఆమెకూ రాసిచ్చాను. ఒకరి సంగతి మరొకరికి చెప్పలేదు. తూకం వేసేటప్పుడు రాళ్ళను సంప్రదించే ఆచారం మా శాఖలో లేదు. ఆయన బల్ల మీద మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునేవాడిని. సూది అంటే భయం కాదు, పరిశీలకుడికి ఉండవలసిన నిష్పాక్షికత. ఆయన చేయి ఎంత తేలికంటే, సూది ఎక్కడ దిగిందో కూడా తెలిసేది కాదు.

శనివారానికి రెండు చేతులూ ఒకే ఎత్తుకు, అంటే చెవుల దాకా లేచాయి. ఫలితం సమానమని ప్రకటించబోతూ, ఆయన బల్ల మీద మొదటిసారి కళ్ళు తెరిచాను. సూదులన్నీ ఎడమ చేతిలో, ఎడమ కాలిలో ఉన్నాయి.

"పొరపడ్డారు. నొప్పి కుడివైపు," అన్నాను.

"తెలుసండీ. కుడి నొప్పికి ఎడమవైపే గుచ్చుతాం. మొదటి రోజు నుంచీ అంతే కదా."

అంటే ఇద్దరి సూదులూ ఎడమవైపే పడ్డాయి. కుడి భుజాన్ని ఎవరూ ముట్టుకోనేలేదు. అయినా అది బాగుపడింది. ఆయన లెక్కలో అది ఆయన ఘనత. ఆమె లెక్కలో దానికి వైద్యమే జరగలేదు. నా లెక్క మాత్రం నడివీధిలో బోల్తా పడింది.

ఆదివారం అమ్మాయి కత్తెరతో వచ్చింది. నేను కుర్చీ వెనుక నిలబడి చేతులెత్తాను. అవి చెవుల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి. కుర్చీ ఎత్తుకు నడినెత్తి ఇంకా పైన ఉంది.

"ఇక చాలు నాన్నగారూ," అన్నది అమ్మాయి, జాలిగా.

నా భార్య లేచి, వంటింట్లోని పీట ఎడమ చేత్తో తెచ్చి, సోఫా ముందు వేసుకుని కూర్చుంది.

"మీరు సోఫాలో కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె తల నా ఛాతీ కిందికి వచ్చింది. చేతులు ఎత్తవలసిన అవసరమే లేకపోయింది.

"ఈ ఉపాయం ముందే తెలుసా?"

"పీట ఇవాళ కొన్నదా ఏమిటి?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు వైద్యుడి గడప తొక్కేవారా? నిద్రలో మూలుగుతూ, పగలు నొప్పే లేదని వాదించే మనిషి."

అమ్మాయి కత్తెరను సంచిలో పెట్టుకుని, నవ్వు కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది.

నేను పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాను.

"పాపిట వంకర పోతోందేమో చూడండి," అన్నది నా భార్య.

పోయింది. ఎంత పోయిందో కొలిచి చెప్పగలవాడిని. చెప్పలేదు.