అల్లాబకాష్ మార్చిన టైరు

దమ్మామ్ నుంచి ఖోబర్ తిరిగి వస్తుంటే వెనక టైరు పోయింది. పోతే పోయింది, ఇవాళే పోవాలా! బండిని ఎలాగో ఈడ్చుకొచ్చి ఫ్లైఓవర్ నీడలో ఆపాను. ఈ దేశంలో ఎన్ని టైర్లు మార్చానో! తలుపు తీస్తుండగానే నడుము పీకడం మొదలైంది.

"నువ్వుండు ఘనీ," అంది మేడమ్ వెనక సీట్లోంచి, అరబ్బీలో. "కొత్తవాణ్ణి మార్చనీ. నేను చూస్తాను."

నేను ఈమె ఇంటి డ్రైవర్ని. నాలుగేళ్లుగా సెలవు అడుగుతున్నాను. రాయచోటిలో నా భార్య మేరాజ్ బేగం మోకాళ్లు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తోంది; ఆపరేషన్ అప్పుడు నేను పక్కనుండాలి. నా బదులు ఇంకొకణ్ణి తెస్తేనే పంపుతానంది మేడమ్. ఇప్పుడు నా పక్క సీట్లో ఉన్న మా వీధివాడు అల్లాబకాష్‌ను తెప్పించాను. నేను తిరిగొచ్చాక అతన్ని తన చెల్లెలి ఇంట్లో పెట్టిస్తానంది. అతని పని నచ్చితే ఇవాళే తన ఫోన్లోంచే నాకు ఖురూజ్ అవ్దా ఇస్తుంది. అంటే ఊరికెళ్లి మళ్లీ రావచ్చు. నచ్చకపోతే అతను వెనక్కి, నా సెలవు గంగలోకి.

మేడమ్ దిగి స్తంభం పక్కన నిలబడింది. అల్లాబకాష్ డిక్కీ తెరిచి, నాకేసి బిక్కమొహం పెట్టి చూశాడు.

"నేనెప్పుడూ టైరు మార్చింది ల్యా న్నా," అన్నాడు మెల్లగా. "స్కూలు బస్సు కదా. క్లీనరే మారుస్తా ఉండె."

"ఈ ముక్క ముందే చెప్పి ఏడ్చొచ్చు కద రా!"

మామూలుగా మేమిద్దరం మాట్లాడుకునేది ఉర్దూలోనే. కానీ పనివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ మేడమ్‌కు ఉర్దూ సగం పట్టుబడింది. ఇక మిగిలింది తెలుగే. రోడ్డు వైపు తిరిగి, ఊరి కబుర్లు చెప్పుకుంటున్న మొహం పెట్టాను.

అతను ముందే జాకీ పెట్టి బండిని లేపేశాడు. ఆ తర్వాత నట్టుకు స్పానర్ తగిలిస్తే చక్రమంతా గిర్రున తిరిగింది.

"దించు, దించు. బండి నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేసుకోవాల. స్పానర్‌ను కాలితో తొక్కు. నా తట్టు చూడాకు రా!"

"ఏం చెబుతున్నావు అతనికి?" అంది మేడమ్.

"బట్టలకు మసి అంటించుకోవద్దని, మేడమ్."

పని చేసేది అతను, చెమటలు ఇద్దరికీ. ఎదురెదురు నట్లు బిగించమన్నాను, బిగించాడు. మొత్తానికి స్టెప్నీ ఎక్కింది, బండి దిగింది. ప్రాణం లేచొచ్చింది నాకు. మేరాజ్‌కు ఏమని ఫోన్ చేయాలో అప్పుడే అనుకుంటున్నాను.

మేడమ్ దగ్గరికి వచ్చింది. "మంచివాణ్ణే తెచ్చావు. నువ్వు చెయ్యి వేయకుండానే అంతా చేసేశాడు. నువ్వేమో ఎప్పుడు చూసినా అలసిపోయానంటావు. మళ్లీ రావడం ఎందుకు? నిహాయీ కొట్టేయనా?"

నిహాయీ అంటే పోవడమే. రావడం ఉండదు.

"రెండు నెలలు చాలు మేడమ్, వచ్చేస్తాను. ఇల్లు గడిచేది ఈ జీతంతోనే."

"మా చెల్లెలికి వేరే డ్రైవర్ దొరికాడు. ఇద్దరితో నాకేం పని? హాయిగా మీ వాళ్లతో ఉండు." నా మీద జాలితోనే అందామాట. కోపంతో అన్నా బాగుండేది.

వీడికేమీ రాదు, అంతా నేనే చెప్పి చేయించానని ఒక్క మాట అంటే చాలు, నా ఉద్యోగం నిలుస్తుంది. మేరాజ్ ఆపరేషన్‌కు ఒంటరిగా పోతుంది. అల్లాబకాష్ రేపే విమానం ఎక్కుతాడు. అతనికేసి చూశాను. తను బిగించిన టైరును కాలితో తట్టి చూసుకుని మురిసిపోతున్నాడు. బస్సు ఉద్యోగం మానేసి రమ్మని నేనే వాళ్లింటికి ఫోన్ మీద ఫోన్ చేశాను.

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేదు.

"సరే మేడమ్," అన్నాను.

ఆమె ఫోన్లో ఏదో నొక్కింది. నా జేబులో మెసేజ్ మోగింది. తీసి చూడలేదు.

"ఏమంటాంది న్నా?" అన్నాడు అల్లాబకాష్ చేతులు తుడుచుకుంటూ.

"నీ పని బాగుందంట."

తాళం చెవి అతని చేతిలో పెట్టి పక్క సీట్లో కూలబడ్డాను.

"నిదానంగా పోనీ," అన్నాను. "స్టెప్నీ మీద పోతాండాం."